లైట్ల కాక కిటికీ

మొన్న తొమ్మిదో తరగతిలో పాఠం మధ్యలో ఒక పిల్ల లేచి నిలబడి, "మేడం, నిశితంగా అంటే ఏంది?" అని అడిగింది.

ఇందులో ఆలోచించాల్సింది ఏమీ లేదు. ఈ గోదావరిఖనిలో పద్దెనిమిదేళ్లుగా తెలుగు చెప్తున్నాను. నిశితం అంటే సానబట్టినది, పదునైనది అని బోర్డు మీద రాస్తాను. కత్తికి వాడే మాట చూపుకు వచ్చిందనీ, నిశితంగా చూడటమంటే పైపైన కాకుండా లోపలికి దిగేలా చూడటమనీ చెప్తాను. ఆ తర్వాత సొంతవాక్యం: "శాస్త్రవేత్త చీమల బారును నిశితంగా పరిశీలించాడు." పేరుకే సొంతవాక్యం, అది నాకు ముందు ఈ బడిలో పనిచేసిన సారుది. ఆయన ఎక్కడినుంచి తెచ్చుకున్నారో తెలియదు. ఏటేటా పిల్లలు మారతారు గానీ చీమలు అవే, శాస్త్రవేత్తా ఆయనే. పేపర్లలో ఈ మాట ఎట్లా వస్తుందో కూడా చెప్తాను. "పరిస్థితిని అధికారులు నిశితంగా గమనిస్తున్నారు" అని రాశారంటే, ఇంకా ఎవరూ కుర్చీలోంచి లేవలేదని అర్థం చేసుకోండి అంటాను. పిల్లలు నవ్వుతారు, మాట గుర్తుండిపోతుంది.

మొన్న మాత్రం చాక్‌పీస్ పట్టుకొని బోర్డు వైపు తిరిగానే గానీ చీమలు రాలేదు. లైట్ల కాక చనిపోయి అప్పటికి పన్నెండు రోజులు. ఆ మాట పక్కన ఆయన్ని తప్ప ఇంకెవరినీ నిలబెట్టలేకపోయాను. అర్థం చెప్పి, సొంతవాక్యం తర్వాత చెప్తానని పిల్లను కూర్చోబెట్టాను. ఆ వాక్యం రాద్దామనే ఈ కాగితం తీశాను. ఒక్క వాక్యంలో ఆయన పట్టేట్టు లేడు.

మా ఆయన పనిచేసే బొగ్గుబావి దగ్గర ల్యాంప్ రూం ఒకటి ఉంది. కిందికి దిగే ప్రతి మనిషీ ఆ గది కిటికీలోంచి తన నంబరు బిళ్ల లోపలికిచ్చి, అదే నంబరున్న టోపీ లైటు తీసుకోవాలి. లైటు లేనిదే బావిలో అడుగు పెట్టనివ్వరు. పైకొచ్చాక లైటు అప్పజెప్పి బిళ్ల వెనక్కి తీసుకోవాలి. లోపల గోడ నిండా మేకులు. మేకుకు బిళ్ల వేలాడుతున్నదంటే దాని మనిషి ఇంకా భూమి కింద ఉన్నట్టే. ఆ కిటికీ వెనక కూర్చునే మనిషే లైట్ల కాక, అంటే లైట్లిచ్చే బాబాయి. ఆయనకు పేరు లేక కాదు. ఆ పేరు పెట్టి పిలిచినవాళ్లను మాత్రం నేను చూడలేదు.

ఆయనా ఎవరినీ పేరు పెట్టి పిలవడు. అందరికీ లైటు నంబరే. కిటికీ దగ్గరే కాదు, కూరగాయల మార్కెట్లోనూ, పెళ్లి పందిట్లోనూ అంతే. మా ఆయన నాలుగు వందల పదకొండు. నేను "నాల్గు వందల పదకొండోళ్ల పంతులమ్మ". మా పాప పుట్టినప్పుడు చూడటానికొచ్చి, "దీనికింక నంబర్ రాలే గదా" అని కాసేపు తలగోక్కొని, చివరికి "చిన్న లైటు" అని పిలిచి పోయాడు.

ఆయనకు కళ్లద్దాలుండేవి. వాటిలోంచి ఆయన దేన్నీ చూసేవాడు కాదు. నుదుటి మీదికి తోసి ఉంచేవాడు. కిటికీ అవతల మనిషి నిలబడగానే, "ఏం కూర ఇయ్యాల?" అని అడిగేవాడు. ప్రతివాడినీ, ప్రతి షిఫ్టుకూ ఆ ఒక్క ప్రశ్నే. డబ్బాలో ఏముందో చెప్పి లైటు తీసుకోవాలి. పప్పు అనో, వంకాయ అనో, రాత్రిదే కాకా అనో ఏదో ఒకటి చెప్పేవాళ్లు. ఆయన లైటు వేసి, తన అరచేతిలో వెలుగు చూసుకొని, ముందుకు చాపేవాడు. అవతలివాడు పట్టుకున్నాక కూడా వెంటనే వదిలేవాడు కాదు. ఒక్క క్షణం ఇద్దరి చేతులూ లైటు మీదే ఉండేవి. ఆ క్షణంలో ఆయన అవతలివాడి చేతినీ ముఖాన్నీ చూసి, అప్పుడు వదిలేవాడు. కొత్తగా చేరినవాళ్లు ముసలాయనకు చేతులు పట్టేసినయేమో అనుకునేవాళ్లట.

ఆ కొద్దిసేపట్లో ఆయనకు చాలా తెలిసేది. జ్వరం, తాగింది దిగకపోవడం, ఇంట్లో లొల్లి, నిద్రలేమి. "ఇంటికి వొయ్యి పండుకో పో, నీ లైటు ఛార్జింగ్ ఎక్కలే" అనేవాడు. ఛార్జింగ్ ఎక్కకపోవడమంటే ఏమిటో అందరికీ తెలుసు. మస్టర్ పోయిందని, ఆ రోజు జీతం పోయిందని తిట్టుకుంటూ వెళ్లేవాళ్లు. సాయంత్రానికి మళ్లీ ఆయనతోనే కలిసి చాయ్ తాగేవాళ్లు.

కిటికీ దాటి బయటికొస్తే మాత్రం ఆయన అంత అమాయకుడు ఇంకొకడు లేడు. పెద్దపల్లి పోదామని బస్సెక్కి ఇంకో దిక్కునున్న రామగిరిలో దిగిన మనిషి. సంతలో కుంటి మేకను కొని, ఇంటికొచ్చి నాలుగు రోజులయ్యాక అది కుంటుతున్నదని గమనించాడు. "మ్యాకకు లైటిచ్చి సూడాలె కాకా" అని మా వాడంతా ఏడిపించింది. ఆయన కోపగించుకోలేదు, "అవు, గదే తప్పయింది" అన్నాడు.

ఒకసారి మా పక్క క్వార్టరువాళ్లు తమ అమ్మాయికి వచ్చిన సంబంధం చూడటానికి ఆయన్ని తీసుకుపోయారు. మనిషిని చూడగానే చెప్తాడు గదా అని వాళ్ల ఆశ. "లైటు లేకుంట నాకు తెల్వది" అని ఈయన మొత్తుకున్నాడు. ఎవరూ వినకపోయేసరికి ఇంట్లో ఉన్న టార్చిలైటు సంచిలో వేసుకుని బయల్దేరాడు. అక్కడ అందరూ చాయ్ తాగుతుండగా లేచి పిల్లగాడి ముందుకు పోయి, టార్చి చాపి, "పట్టు బిడ్డా" అన్నాడు. పిల్లగాడు పట్టుకుంటే కాక వదలడు. పిల్లగాడి తల్లికి భయం వేసింది. చివరికి వదిలేసి, "మంచోడే. గుంజుకోలే, వదిలిపెట్టలే" అని వచ్చి కూర్చున్నాడు. పెళ్లయింది, బాగానే ఉన్నారు. గురక పెడతాడని మాత్రం కాక చెప్పలేదని ఆ అమ్మాయి ఇప్పటికీ అంటుంది.

తప్పు చూసిన రోజులూ ఉన్నాయి. ఒకతని చేతులు వణుకుతున్నాయని, తాగొచ్చాడని లైటివ్వకుండా తిప్పి పంపాడు. తీరా చూస్తే ఆ తెల్లవారుజామునే అతనికి కొడుకు పుట్టాడు. దవాఖాన నుంచి నేరుగా డ్యూటీకి వచ్చాడు. ఆ సంగతి తెలిసి కాక సాయంత్రం మిఠాయి డబ్బా పట్టుకొని వాళ్లింటికి పోయి, "సంబురానికి గూడ చేతులు వణ్కుతయని నాకు తెల్వదు బిడ్డా, మాఫ్ చెయ్యి" అన్నాడట. పుట్టిన బిడ్డ గురించి కంటే ఆయన వచ్చి అట్లా నిలబడటం గురించే ఆ ఇంట్లో ఎక్కువ రోజులు చెప్పుకున్నారు.

ఇక నా సంగతి చెప్పాలి. చెప్పడానికి సిగ్గుగా ఉంది.

ఎనిమిదేళ్ల కింద ఏడాదిపాటు నేనూ మా ఆయనా సరిగా మాట్లాడుకోలేదు. ఆయన బావిలో డ్రిల్లర్. బొగ్గులోకి రంధ్రాలు చేసే మిషను పొద్దంతా ఆయన భుజం పక్కనే మోగుతుంటుంది. ఇంటికొస్తే మాట ఉండేది కాదు. నేను వంటింట్లోంచి పిలిస్తే పలికేవాడు కాదు. పది మాటలు చెప్తే ఊ అని ఊరుకునేవాడు. పాప ఫీజు గురించి చెప్తే తల ఊపి, మర్నాడు నేనెప్పుడూ చెప్పనే లేదనేవాడు. పైగా టీవీ సౌండు పెంచి కూర్చునేవాడు. నా మాట వినకుండా ఉండటానికే పెంచుతున్నాడని నాకు మండిపోయేది. పదిహేనేళ్ల కాపురం తర్వాత ఆడదాని మాట చేదయింది అనుకున్నాను. రాత్రింబవళ్లు అదే ఆలోచన. చివరికి నేనూ మానేశాను. ఏం చెప్పాలన్నా పాపతో చెప్పించేదాన్ని. ఆ పిల్ల మా ఇద్దరి మధ్య గొంతు చించుకొని అరిచేది. పిల్ల అరిస్తే వింటాడు, నేను చెప్తే వినడు అని మరింత కుళ్లిపోయేదాన్ని.

క్లాసులో ఆఖరి బెంచీ పిల్లవాడు వత్తు మింగేస్తే ముందునుంచి పట్టేస్తాను. ఆ గర్వం నాకుంది. ఇంట్లో మాత్రం కథంతా తప్పు చదివాను.

ఒకరోజు పొద్దున డ్యూటీకి పోయిన మనిషి గంటలో తిరిగొచ్చాడు. టిఫిన్ డబ్బా బల్ల మీద విసిరికొట్టాడు.

"లైటియ్యలే ముసలోడు! నాకేమైంది? తాగిన్నా? జరమున్నదా? స్పేర్ లైటియ్యమంటె గది గూడ ఛార్జింగ్ ఎక్కలేదంటడు!"

నాకూ కోపం వచ్చింది. ఈ మనిషి తాగడు. ఒళ్లు దాచుకోడు. ఏడాదిగా మొదటిసారి ఇద్దరం ఒక్క మాట మీద ఉన్నాం, అదీ లైట్ల కాకను తిట్టడంలో.

సాయంత్రం మా ఆయన మార్కెట్‌కు పోయిన వేళ చూసి కాక వచ్చాడు. లోపలికి రమ్మంటే రాకుండా గడప మీదే కూర్చున్నాడు. అద్దాలు నుదుటి మీదే ఉన్నాయి. నేను మంచినీళ్లిచ్చాను గానీ ముఖం ముడుచుకునే ఇచ్చాను.

"పంతులమ్మా, నీ మొగడు నీతోటి మంచిగ మాట్లాడుతున్నడా?" అన్నాడు.

"మా ఇంటి ముచ్చట నీకెందుకు కాకా? ముందుగాల లైటెందుకియ్యలేదో చెప్పు."

"అందరు లైటు దిక్కు సూసి తీస్కుంటరు బిడ్డా. నీ మొగడు నా మూతి దిక్కు సూస్తడు. నెల రోజులాయె సూడవట్టి." నీళ్లు తాగి గ్లాసు పక్కన పెట్టాడు. "ఇయ్యాల రుమాలు మూతికి అడ్డం పెట్టుకున్న. ఏం కూర అని అడగలే. పాపకు జరం తగ్గిందా అని అడిగిన. ఏమన్నడో ఎర్కేనా? బెండకాయ కాకా, అన్నడు."

ఆ రోజు నేను పెట్టింది బెండకాయే. వరసలో వెనకున్నవాళ్లు పగలబడి నవ్వారట. మా ఆయన కూడా, ఎందుకో తెలియకుండానే, వాళ్లతో పాటు నవ్వాడట.

"ఆయనకు నీ మీద కోపం లేదు. ఆయనకు నీ మాట ఇనవడ్తలేదు" అన్నాడు కాక.

నేను ఒప్పుకోలేదు. ఇంట్లో ఉండేదాన్ని, నాకు తెలియదా అని గట్టిగానే అన్నాను. ఆయన వాదించలేదు. బావిలో కన్ను సగమే పనిచేస్తుందని, మిగతా పని చెవిదేనని మాత్రం చెప్పాడు. పైకప్పు కూలే ముందు చిన్నగా చిటపటమంటుందట. అది విన్నవాడే పక్కకు దుంకుతాడట. "గది ఇనవడనోనికి లైటిచ్చి పంపితె నేనే సావుకు తోలిచ్చినట్టు గదా" అన్నాడు. తర్వాత లేచి నిలబడి, "నన్ను నమ్మకు. ఆయనొచ్చినంక ఎనుకకెల్లి ఒక మాటను సూడు. ఇంటె తిరగకుంట ఉండలేని మాట ఏదన్న ఉంటె, గది అను" అని చెప్పి వెళ్లిపోయాడు.

మా ఆయన వచ్చి, గడప దగ్గర కూర్చొని, నాకు వీపు పెట్టి బూట్లు తుడుచుకుంటున్నాడు. నేను వెనక నిలబడ్డాను. ఇల్లు విడిచి పోతున్న అందామనుకున్నాను, నోరు రాలేదు. చివరికి మామూలు గొంతుతో, పక్క మనిషితో మాట్లాడినంత గొంతుతో, "ఇగో, నువ్వంటే నాకు పాణం" అన్నాను. పదిహేనేళ్లలో ఒక్కసారి కూడా అనని మాట.

ఆయన బూటు తిప్పి మడమ వైపు తుడవడం మొదలుపెట్టాడు.

ఇంకోసారి అన్నాను. బూటు మీద ఉమ్మి, గుడ్డతో గట్టిగా రుద్దాడు. నేను వంటింట్లోకి పోయి, పొయ్యి గట్టు పట్టుకొని ఏడ్చాను. ఏడాది పాటు పక్కన ఉండి ఒంటరిగా వదిలేసిన మనిషి ఆయన కాదు, నేను. ఎదుట మనిషి పెదవులు చూసి చూసి, అర్థం కానిదానికి తల ఊపి ఊపి, ఎవరికీ చెప్పుకోలేక, ఆ టీవీ ముందు ఎట్లా కూర్చున్నాడో అనుకుంటే నా మీద నాకే అసహ్యం వేసింది.

ఆ రోజు బావిలో ఏమీ జరగలేదు. ఏ కప్పూ కూలలేదు. దిగినవాళ్లంతా నవ్వుకుంటూ పైకొచ్చారు. మర్నాడు మా ఆయన కిటికీ దగ్గరికి పోయి, "ఏమైంది నిన్న? ఏం గాలే గదా!" అని గట్టిగా అరిచాడట. కాక తన ముఖాన్ని వెలుతురులోకి తెచ్చి, పెదవులు కనబడేట్టు, ఒక్కొక్క మాటా నెమ్మదిగా అన్నాడు. "ఏం గావద్దనే ఇయ్యలే. దవాఖానకు వోతవా? నువ్వు పొయ్యేదాంక నీ లైటు ఛార్జింగ్ ఎక్కది."

వెనకున్నవాళ్లకు అది మామూలు మాటలాగే వినబడింది. మా ఆయనకు మాత్రం ఈ మనిషి ముఖాన్ని వెలుతురులోకి ఎందుకు తెచ్చాడో అర్థమైంది. రహస్యం బయటపడిందని తెలిసింది. కనిపెట్టినవాడు దాన్ని నలుగురిలో పెట్టడం లేదని కూడా తెలిసింది. ఇంటికొచ్చి నా ఎదురుగా కూర్చొని, "నాకు చెవులు పాయెనే" అన్నాడు. డ్రిల్లర్ పని పోయి పైన డ్యూటీ ఇస్తారనీ, చీపురు పట్టిస్తారనీ, అది పడలేకే దాచాననీ చెప్పాడు. నేను ఆయన ముఖానికి ఎదురుగా ఉండి మాట్లాడాను. నెమ్మదిగా, పెదవులు కదిలేట్టు. ఏడాది బాకీ మాటలన్నీ ఆ పూట మాట్లాడుకున్నాం.

దవాఖానలో పరీక్షలయ్యాయి, రెండు చెవులకూ వినికిడి మిషన్లు వచ్చాయి. పైన డ్యూటీ ఇచ్చారు. ఆయన భయపడ్డ చీపురు కాదు. ల్యాంప్ రూంలో లైట్ల కాక పక్కన స్టూలు వేశారు. దానికోసం కాక ఎవరెవరి చుట్టూ తిరిగాడో నాకు ఈనాటికీ తెలియదు.

అక్కడే మా ఆయన ఒకరోజు అడిగాడట, లైటు పట్టుకొని ఎందుకు వదలవు కాకా అని. కాక చేతిలో ఉన్న లైటు తుడిచి పక్కన పెట్టాడట. వయసులో ఉన్నప్పుడు ఒక దోస్తు లైటు తీసుకున్నాడని, తాను నంబరు రాసుకుంటూ తల ఎత్తకుండానే ఇచ్చానని, ఆ షిఫ్టులోనే ఆ దోస్తు గుండె ఆగి పోయాడని చెప్పాడు. "మంచిగనే వొయ్యిండా, ముఖం గుంజుకొని ఉండెనా, ఏం యాదికి లేదు. సూస్తె గదా యాదికుండేది" అన్నాడట. ఆ బిళ్ల ఆ సాయంత్రం మేకుకు అట్లాగే వేలాడిందట. మా ఆయన ఇది చెప్పినప్పుడు నాకు నిఘంటువు గుర్తొచ్చింది. సానబట్టినది అని రాసి ఉంటుంది గానీ, దేనిమీద సానబట్టారో రాసి ఉండదు.

అప్పటినుంచి మా ఇంట్లో వినబడలేదు అనడానికి "బెండకాయ" అనడం అలవాటయింది. మిషన్లు తీసి పడుకున్నప్పుడు పాప ఏదైనా చెప్పబోతే, "బెండకాయ" అంటాడు. పాప దగ్గరికొచ్చి మళ్లీ చెప్తుంది. నేను మాత్రం ఆ రోజు వీపు వెనక అన్న మాటను మళ్లీ అనలేదు. వినబడుతుందని తెలిశాక సిగ్గేసింది.

కాక రిటైరయ్యాక ఆ కిటికీ మా ఆయనకు వచ్చింది. పెదవులూ ముఖాలూ చూసి బతకడం నేర్చిన మనిషికి అంతకంటే తగిన చోటు లేదు. ఇప్పుడు లైట్లు తేలికయ్యాయి, వెనకటిలా నడుముకు బ్యాటరీ కట్టుకొని వైరు వేలాడేసుకోవడం లేదు. మా ఆయన ఆ తేలిక లైటును కూడా వెంటనే వదలడు. "ఏం కూర?" అని అడుగుతాడు.

కాక మంచాన పడ్డాక దవాఖానకు పోయి చూసొచ్చాను. చాలా చిక్కిపోయాడు. అద్దాలు నుదుటి మీద లేవు, దిండు పక్కన ఉన్నాయి. నీళ్లడిగితే గ్లాసు అందించాను. పట్టుకున్నాడు. నేను వెంటనే వదల్లేకపోయాను. ఆ చేతిలో పట్టు లేదు, గ్లాసు బరువంతా నాదే. నేను చూసింది ఆయన చూశాడు.

"సూసుడు నేర్సినవు పంతులమ్మా" అని నవ్వాడు.

ఏం కూర అని అడుగుతాడనుకున్నాను. అడగలేదు.

"జెప్పినవా?" అన్నాడు.

"ఏంది కాకా?"

"గదే. గా దినం ఎనుకకెల్లి అన్నది. ముంగటికెల్లి జెప్పినవా అని."

నేనేమన్నానో ఆయనకు ఎన్నడూ చెప్పలేదు. మర్నాడు వీధిలో ఎదురైతే నా ముఖం చూసి ఉంటాడు, అంతే. ఎనిమిదేళ్లు దాచుకొని అడుగుతున్నాడు.

"లే" అన్నాను.

"జెప్పు బిడ్డా. ఇప్పుడు ఇనవడ్తది గదా" అని కళ్లు మూసుకున్నాడు.

ఆ తర్వాత నాలుగో రోజున పోయాడు. పాడె వెనక నడిచిన వాళ్లలో సగం మంది పేర్లు నాకు తెలియవు. నంబర్లు మాత్రం తెలుసు.

మొన్న బడి నుంచి వచ్చేసరికి మా ఆయన గడప దగ్గర కూర్చొని, నాకు వీపు పెట్టి, బూట్లు తుడుచుకుంటున్నాడు. చెవుల వెనక మిషన్లున్నాయి. సంచి దించి వెనకే నిలబడ్డాను. ముందుకు పోయి చెప్పమన్నాడు కాక. ఆ ధైర్యం నాకు రాలేదు. మామూలు గొంతుతోనే అన్నాను.

"ఇగో, నువ్వంటే నాకు పాణం."

బూటు మీద గుడ్డ ఆగింది. తల తిప్పలేదు. బూటు కింద పెట్టి, "బెండకాయ" అన్నాడు.

నేను చుట్టూ తిరిగి ఆయన ముందుకు పోయి కూర్చున్నాను.